ఖాకీ బట్టల్లో కథానాయకుడు! చైతన్యరథం ఫోటోలు చెప్పే కథలు

మేకప్ లేదు. కిరీటం లేదు. వెనకాల సెట్టింగు లేదు. నెత్తిన మండే ఎండ, కింద ఎర్రటి దుమ్ము, చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. ఆ జనం నడుమ ఒక వ్యాను. వ్యాను టాపు మీద ఖాకీ బట్టల్లో నిలబడి, మైకు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తిన మనిషి.... ఎవరో చెప్పాలా?

నటరత్న ఎన్.టి.రామారావు 1982లో చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగినప్పటి నలుపు తెలుపు ఫోటోలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఆయన పుట్టినరోజు మే 28 వచ్చినా, వర్ధంతి జనవరి 18 వచ్చినా, ఎన్నికలు వచ్చినా అవే ఫోటోలు మళ్ళీ బయటికొస్తాయి. పోస్టర్ల మీద, ఫ్లెక్సీల మీద, ఇప్పుడైతే సెల్‌ఫోన్లలో! ఆయన్ని వెండితెర మీద మొదటి ఆట చూడని తరం కూడా ఆ ఖాకీ బొమ్మను ఇట్టే గుర్తు పడుతుంది. అయితే ఆ ఫోటోల్లో నిజంగా ఏముందో నిదానంగా చూసినవాళ్ళు ఎంతమంది? రండి, ఒక్కో ఫోటో ముందు కాసేపు ఆగి చూద్దాం.

చిన్న ఫ్లాష్‌బ్యాక్!

కథ తెలియని కుర్రకారు కోసం నాలుగు ముక్కలు. 1978 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో గెలిచింది ఇందిరా కాంగ్రెస్. ఆ అయిదేళ్ళలోనే ముఖ్యమంత్రి కుర్చీలో నలుగురు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ముఖ్యమంత్రిని నిర్ణయించేది ఢిల్లీ, మార్చేదీ ఢిల్లీయే అన్న కోపం జనంలో లోలోపల ఉడుకుతోంది. సరిగ్గా ఆ సమయంలో, 1982 మార్చి 29న, హైదరాబాద్‌లో ఎన్.టి.ఆర్. తన పార్టీ పేరు ప్రకటించారు. తెలుగుదేశం! నినాదం, తెలుగువాడి ఆత్మగౌరవం.

అప్పటికి ఆయనకు అరవైయ్యోపడి దగ్గర పడుతోంది. 1949లో 'మనదేశం'తో మొదలైన నటజీవితం మూడు దశాబ్దాలు దాటింది. రాముడు, కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు.... అన్ని వేషాలూ అయిపోయాయి. హాయిగా మద్రాసులో కూర్చుని సినిమాలు తీసుకోవలసిన వయసులో రోడ్డెక్కారు. ఎన్నికలు వచ్చింది 1983 జనవరి 5న. అంటే పార్టీ పుట్టి అప్పటికి సుమారు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల కథే ఈ ఫోటోలు.

ఇంకో తమాషా చూడండి. ఆయన ప్రచారంలో తిరుగుతున్న రోజుల్లోనే థియేటర్లలో ఆయన సినిమాలూ తిరుగుతున్నాయి. మేలో 'జస్టిస్ చౌదరి', జులైలో 'బొబ్బిలిపులి', అక్టోబరులో 'నా దేశం'! పొద్దున రోడ్డు మీద చూసిన మనిషినే సాయంత్రం టిక్కెట్టు కొనుక్కుని తెరమీద చూసే అవకాశం జనానికి దక్కింది. 'బొబ్బిలిపులి'లో మిలటరీ యూనిఫారం, రోడ్డు మీద ఖాకీ చొక్కా. ఏది వేషం, ఏది మనిషి అన్న సందేహం రావడం సహజమే కదా!

రథం ఒకటి, సారథి ఒకడు

ఆ ఫోటోల్లో ఎన్.టి.ఆర్. తర్వాత ఎక్కువగా కనిపించే కథానాయిక ఎవరో తెలుసా? ఆ వ్యానే! ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, లోపల నుంచి మెట్లెక్కి టాపు మీదికి వచ్చి మాట్లాడే ఏర్పాటు చేయించారు. మైకు సెట్టు దానిలోనే. వేదిక కట్టక్కర్లేదు, షామియానా వెయ్యక్కర్లేదు, దండల కుర్చీలు అక్కర్లేదు. బండి ఎక్కడ ఆగితే అక్కడే సభ. నాలుగు రోడ్ల కూడలి కావచ్చు, చెరువుగట్టు కావచ్చు, రైల్వే గేటు దగ్గర కావచ్చు. దానికి పెట్టిన పేరు చైతన్యరథం.

ఇప్పుడు ఈ ఫోటోల్లో టాపు మీద నుంచి చూపు కిందికి దించి, డ్రైవరు సీటు వైపు చూడండి. స్టీరింగు పట్టుకుని ఉన్న యువకుడు నందమూరి హరికృష్ణ. అన్నగారి కొడుకు. అప్పటికి పాతికేళ్ళు దాటాయంతే.

సినిమా అభిమానులకు ఇక్కడ ఒక ముచ్చట గుర్తు రావాలి. 1977 సంక్రాంతికి విడుదలైన 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి.ఆర్. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, మూడు పాత్రలూ తానే వేసి దర్శకత్వం కూడా చేశారు. అందులో అర్జునుడు ఎవరు? హరికృష్ణ! తెరమీద రథం మీద కొడుకు, పగ్గాలు పట్టి తండ్రి. అయిదేళ్ళు గడిచేసరికి రోడ్డు మీద రథం పైన తండ్రి, చక్రం పట్టి కొడుకు. ఏ కథారచయితకూ తట్టని మలుపు ఇది.

మైకులో మాట్లాడిన మాటలు పేపర్లకెక్కాయి. గతుకుల రోడ్ల మీద, పగలనక రాత్రనక, జనం మీద పడిపోతుంటే ఎవరికీ దెబ్బ తగలకుండా బండి నడిపిన చేతుల గురించి రాసింది తక్కువ. ఫోటోల్లో మాత్రం అవి దొరుకుతాయి. ఆ హరికృష్ణ కొంతకాలం రాష్ట్ర రవాణా మంత్రిగా కూడా పనిచేశారు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తానే కారు నడుపుకుంటూ వెళుతూ రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. ఆ వార్త విన్నాక ఆ పాత ఫోటో చూస్తే మనసు కలుక్కుమనకుండా ఉంటుందా?

రోడ్డు పక్క స్నానం.... నటనా? నిజమా?

అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం పొందిన ఫోటోలు మాత్రం ప్రసంగాలవి కావు. రోడ్డు పక్కన స్నానం చేస్తున్న ఎన్.టి.ఆర్., ఆరుబయట గడ్డం గీసుకుంటున్న ఎన్.టి.ఆర్., బండి దగ్గరే నిలబడి ఫలహారం చేస్తున్న ఎన్.టి.ఆర్.! శ్రీకృష్ణుడిగా క్యాలెండర్లకెక్కి ఇళ్ళల్లో గోడలకు వేలాడిన మనిషి, ఒంటిమీద చొక్కా లేకుండా నడిరోడ్డున నీళ్ళు పోసుకుంటుంటే చూసినవాళ్ళ గుండె ఝల్లుమంది.

"అదంతా కెమెరా కోసం నటనే" అని అప్పుడూ అన్నవాళ్ళున్నారు, ఇప్పుడూ ఉన్నారు. సరే, ఆ ప్రశ్న దాటవెయ్యకుండా చూద్దాం. మూడు దశాబ్దాలు కెమెరా ముందు బతికిన మనిషికి లెన్సు ఎటుందో తెలియదంటే నమ్మగలమా? ఏ కోణంలో నిలబడితే బొమ్మ ఎలా వస్తుందో ఆయనకు తెలిసినంతగా అక్కడున్న ఏ ఫోటోగ్రాఫరుకూ తెలిసి ఉండదు. చెయ్యి ఎత్తే తీరు, మెడ తిప్పే తీరు, జనం వైపు వంగే తీరు, అన్నిటిలోనూ నటుడు కనిపిస్తాడు. అందులో దాపరికమేమీ లేదు.

కానీ ఫోటోలు వరసగా పెట్టుకుని చూడండి. సినిమా స్టిల్ తీసేటప్పుడు మేకప్ మ్యాన్ పక్కనే ఉంటాడు, చెమట అద్దుతాడు, లైటు సరిచేస్తారు, నచ్చకపోతే మళ్ళీ తీస్తారు. ఇక్కడ రీటేకు లేదు. కళ్ళ కింద నిద్రలేమి ఉంది. చొక్కా మీద చెమట చారలున్నాయి. మొహం మీద ఊరూరి దుమ్ము పేరుకుని ఉంది. చెప్పిన టైముకు గంటల కొద్దీ ఆలస్యంగా చేరడం, అయినా జనం అర్ధరాత్రి దాటేదాకా కాచుకుని కూర్చోవడం ఆ పర్యటనలో మామూలైపోయింది. స్నానం ఎక్కడ చేసినా ఒకటే, చెయ్యాలి కదా! కెమెరా ఉందని తెలిసి చేసినా ఆ ఎండ నిజం, ఆ అలసట నిజం. నటుడు ఒక భంగిమ పట్టగలడు గానీ, తొమ్మిది నెలల పాటు అలసటను నటించలేడు.

ఖాకీ బట్టల సంగతీ అంతే. అది కార్మికుడి బట్ట, డ్రైవరు బట్ట, కూలినాలి చేసుకునేవాడి బట్ట. తెల్ల ఖద్దరు నాయకులను చూసి చూసి ఉన్న జనానికి ఆ రంగే ఒక ప్రసంగం. కాస్ట్యూము ఎంపికలో సినిమావాడి బుర్ర ఎంత బాగా పనిచేసిందో చూశారా?

కెమెరా వెనక మనిషి

ఈ ఫోటోలు తీసినవాళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు మీరు ఒక్క సభలో అయిదొందల ఫోటోలు తీస్తారు, నచ్చనివి చెరిపేస్తారు. అప్పుడు ఒక రీలులో ముప్పై ఆరు ఫోటోలు. అవి అయిపోతే అయిపోయినట్టే. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీలో, విదేశీ రీలో, ఏదైనా లెక్క చూసుకుని నొక్కాలి. చెయ్యెత్తే క్షణం తప్పిపోతే మళ్ళీ ఎత్తేదాకా కాచుకోవాలి. నొక్కిన బొమ్మ ఎలా వచ్చిందో చీకటిగదిలో కడిగేదాకా తెలియదు.

రాత్రి సభల ఫోటోలు చూడండి. అన్నగారి మొహం తెల్లగా మెరుస్తుంది, ముందు వరసలో నాలుగు మొహాలు కనిపిస్తాయి, వెనకంతా చీకటి. ఫ్లాష్ వెలుగు అంతవరకే అందుతుంది మరి! ఆ చీకట్లో ఎన్ని వేలమంది ఉన్నారో ఫోటో చెప్పదు. పగటి ఫోటోల్లో అయితే ఫోటోగ్రాఫరు ఏ మేడో, ఏ చెట్టో, లేదా ఆ వ్యాను టాపే ఎక్కి తీసి ఉండాలి. లేకపోతే అంత జనం ఒక్క ఫ్రేములో ఇమడరు.

అప్పట్లో టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే. అది ప్రభుత్వానిది, సెట్లున్న ఇళ్ళూ తక్కువే. రేడియో కూడా ప్రభుత్వానిదే. కాబట్టి పక్క జిల్లాలో ఏం జరుగుతోందో జనం కళ్ళతో చూడగలిగింది దినపత్రిక ఫోటోలోనే. 1974లో విశాఖపట్నంలో మొదలై అప్పటికే రాష్ట్రంలో పలుచోట్ల నుంచి వెలువడుతున్న 'ఈనాడు' ఈ పర్యటనకు ఇచ్చిన ప్రచారం ఎంతో అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం జనాన్ని చిత్తూరు జనం చూశారు, చిత్తూరు జనాన్ని ఆదిలాబాద్ జనం చూశారు. "అక్కడ అంతమంది వచ్చారట, మన ఊళ్ళో తక్కువైతే ఎట్లా?" అనే పట్టుదల పుట్టించింది ఆ ఫోటోలే.

జనం ఫోటోలు ఓట్లేనా?

ఇది అసలు ప్రశ్న. "కృష్ణుడు ఊళ్ళోకి వస్తే చూడ్డానికి ఎవరు రారు? చూసినవాళ్ళంతా ఓటేస్తారా?" అని ప్రత్యర్థులు ధీమాగా ఉన్నారు. ఫోటో చూసి దానికి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. చెట్టెక్కిన కుర్రాడు హీరోను చూడ్డానికి ఎక్కాడా, నాయకుణ్ణి వినడానికి ఎక్కాడా? హారతి పళ్ళెం పట్టుకున్న అమ్మ రాముడికి పట్టిందా, కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తానన్న మనిషికి పట్టిందా?

జవాబు బ్యాలెట్ పెట్టెలు చెప్పాయి. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 201! కాంగ్రెస్‌కు 60. ఎన్.టి.ఆర్. గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచారు. 1983 జనవరి 9న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో, జనం ఎదుట ప్రమాణ స్వీకారం. ఫోటోల్లో కిక్కిరిసిన ఆడవాళ్ళకూ దక్కింది కొంత ఉంది. 1983లో రెండు రూపాయల బియ్యం మొదలైంది, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలిసింది. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చే చట్టం 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది.

అంతమాత్రాన జనం ఫోటో అంటే గెలుపు అనుకుంటే పొరపాటే! 1989లోనూ ఎన్.టి.ఆర్. ప్రచారం చేశారు, జనమూ వచ్చారు. ఫలితం? తెలుగుదేశానికి 74 స్థానాలే. కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు. 2008 ఆగస్టు 26న తిరుపతిలో మెగాస్టార్ చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ ప్రకటించినప్పటి జనసందోహం ఫోటోలు కూడా చూసే ఉంటారు. 2009లో గెలిచింది 18 స్థానాలు. జనం వచ్చారన్నది మాత్రమే ఫోటో చెబుతుంది. ఎందుకు వచ్చారో, ఏం నిర్ణయించుకుని ఇంటికి వెళ్ళారో చెప్పదు.

ఫోటోయే ఓట్లు కురిపించిన ముచ్చట పక్క రాష్ట్రంలో ఉంది. 1967 జనవరి 12న నటుడు ఎం.ఆర్.రాధా కాల్పుల్లో ఎం.జి.ఆర్. గాయపడ్డారు. మెడకు కట్టుతో ఆసుపత్రి మంచం మీదున్న ఎం.జి.ఆర్. ఫోటో పోస్టరై మద్రాసు రాష్ట్రమంతా అంటుకుంది. ఆయన ఒక్క సభలోనూ మాట్లాడకుండానే గెలిచారు, డి.ఎం.కె. అధికారంలోకి వచ్చింది. అక్కడ మంచం మీది ఫోటో, ఇక్కడ బండి మీది ఫోటో!

ఈ ఫోటో ఎప్పటిది? కనిపెట్టండి!

సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఇప్పుడు ఏ ఫోటోకు ఏ సంవత్సరం తగిలిస్తున్నారో అర్థం కాకుండా పోయింది. 1984 నాటి ఫోటోను 1982 అంటారు. నలుపు తెలుపు ఫోటోకు రంగులు పూసి 'అసలు కలర్ ఫోటో' అంటారు. అభిమానులు అనేవాళ్ళకు ఆ మాత్రం తేడా తెలియొద్దూ? కొన్ని గుర్తులు చెబుతాం, రాసుకోండి.

ఖాకీ బట్టల్లో వ్యాను మీద ఉంటే చాలావరకు అది 1982 - 83 తొలి ప్రచారం. కాషాయ వస్త్రాలు, తలపాగా కనిపిస్తే ముఖ్యమంత్రి అయిన తర్వాతి కాలం. చక్రాల కుర్చీలో కనిపిస్తే 1984 ఆగస్టు సంక్షోభం నాటిది. అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని వచ్చిన ఆయన్ని ఆగస్టు 16న పదవి నుంచి తొలగిస్తే, ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ దాకా వెళ్ళి, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా, ఫోటో వెనకాల గోడమీద అంటించిన సినిమా పోస్టరు కనబడిందా? అది పెద్ద సాక్ష్యం! ఆ సినిమా విడుదల తేదీ తెలిస్తే ఫోటో ఏ నెలదో ఇంచుమించు తేలిపోతుంది. సినిమా పిచ్చి చరిత్రకు పనికొచ్చే చోటు ఇదే.

తెరమీదికెక్కిన రథం

ఈ ఫోటోలన్నీ చివరికి సినిమాగానే మారాయి. 2019లో క్రిష్ దర్శకత్వంలో బాలకృష్ణ తండ్రి పాత్ర ధరించిన రెండు చిత్రాలు వచ్చాయి. జనవరి 9న 'కథానాయకుడు', ఫిబ్రవరి 22న 'మహానాయకుడు'. హరికృష్ణ పాత్రలో ఆయన కుమారుడు కల్యాణ్‌రామ్! తాత రథాన్ని నాన్న తోలితే, ఆ నాన్న వేషం కొడుకు వేశాడన్నమాట. బట్టలు, బండి, చెయ్యెత్తిన తీరు అన్నీ ఫోటోలు చూసి దిద్దుకున్నట్టే ఉంటాయి. అయినా పాత ఫోటోకూ ఆ సీనుకూ తేడా ఎక్కడుందంటే, జనం మొహాల్లో ఉంది. జూనియర్ ఆర్టిస్టులకు ఏ వైపు చూడాలో దర్శకుడు చెబుతాడు. అసలు ఫోటోలో ఒకడు అన్నగారిని చూస్తుంటాడు, ఒకడు కెమెరాను చూస్తుంటాడు, ఒకామె చంకలో ఏడుస్తున్న బిడ్డను సముదాయిస్తుంటుంది, ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటుంటాడు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు.

తర్వాత చాలా రథాలొచ్చాయి. 1990లో అద్వానీ రథయాత్ర నుంచి నిన్నమొన్నటి పవన్ కల్యాణ్ 'వారాహి' దాకా బండెక్కి మాట్లాడే నాయకుల వరస పెద్దదే. వాటి ఫోటోలు డ్రోన్లు తీస్తున్నాయి, క్షణంలో ప్రపంచమంతా చూస్తోంది. లక్షల ఫోటోలున్నాయి. ఆ లక్షల్లో నలభై ఏళ్ళ తర్వాత నిలిచేవి ఎన్నో!

మీ ఇంటి బీరువాలో వెతకండి

పత్రికల వాళ్ళు తీసినవి కాక, ఊళ్ళల్లో స్టూడియోవాళ్ళు తీసిన ఫోటోలు కూడా ఎన్నో ఉన్నాయి. రథం ఊళ్ళోకి వచ్చిన రోజున కెమెరా మెళ్ళో వేసుకుని పరిగెత్తని స్టూడియో ఓనరు ఉంటాడా? ఆ నెగటివులు ఇప్పుడు ఏ అటక మీదో, ఏ రేకు డబ్బాలోనో ఉంటాయి. మన కోస్తా ఉక్కకు ఫిల్ము బూజు పడుతుంది. పాత ఫిల్ము డబ్బా మూత తీస్తే వెనిగర్ లాంటి పులుపు వాసన కొట్టిందంటే అది చెడిపోవడం మొదలైనట్టే. ఆ తర్వాత దాన్ని ఆపడం కష్టం.

కాబట్టి మిత్రులారా! దొరికితే తడిగుడ్డతో తుడవకండి. చిరిగితే సెల్లోటేపు అంటించకండి. ముందు స్కాన్ చేయించండి, అసలుదాన్ని పొడిగా, చల్లగా ఉండే చోట కాగితం కవర్లో దాచండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిలుతో ఊరు, తేదీ, అందులో ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. తాతయ్యను, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "ఈ చెట్టు కొమ్మ మీద వేలాడుతున్న కుర్రాడెవరు?" అని. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఏ కిరాణా కొట్లోనో కూర్చుని ఉంటాడు, ఏ ఆర్టీసీ బస్సో నడిపి రిటైరై ఉంటాడు, ఏ అమెరికాలోనో మనవణ్ణి ఆడిస్తూ ఉంటాడు.

వ్యాను మీద నిలబడ్డ మనిషి పేరు చెప్పడానికి కోట్లమంది ఉన్నారు. కొమ్మ మీది కుర్రాడి పేరు చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఆ ఊళ్ళో నలుగురో అయిదుగురో మిగిలి ఉంటారు. వాళ్ళుండగానే వెళ్ళి అడగండి!